కెమెరా కంటికి కుంకుమబొట్టు

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. మా వంటింట్లో బల్లి కనబడితే, నేను వీధి చివరికి వెళ్ళి చెప్పేసరికి అది ఉడుమై ఉంటుంది. వినేవాళ్ళు కాస్త నోరు తెరిచారంటే మొసలి కూడా అవుతుంది. మా ఆవిడ నేను చెప్పిన ఏ కథనైనా సగానికి విరిచి, ఆ సగాన్ని నీళ్ళలో జాడించి, మిగిలింది నమ్ముతుంది. మీరూ ఆ పద్ధతే పాటించండి. అయితే ఈ కథలో ఉపమానాలు తీసేస్తే నేను సొంతంగా కలిపింది ఒకే ఒక్క ముక్క. అదేదో చివర్లో నేనే చెబుతాను.

ఇళ్ళకు కెమెరాలు బిగించే పనిలోకి కొత్తగా దిగిన తమ్ముళ్ళ కోసం, చెల్లెళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను తిరుపతిలో ఒక కెమెరాల షాపులో పనిచేసి ఈమధ్యే మానేశాను. వయసైపోయి కాదు. నా మోకాళ్ళు రాజీనామా ఇచ్చాయి, వాటిని వదిలి ఉండలేక నేనూ ఇచ్చాను. నేనెక్కిన నిచ్చెనలన్నీ ఒకదాని మీద ఒకటి నిలబెడితే చందమామకు తోరణం కట్టి రావచ్చు. పడిన రోజులూ ఉన్నాయి. పుత్తూరులో కట్టు కట్టే పెద్దమనిషి నన్ను చూడగానే "మళ్ళా వచ్చినావా అప్పా, ఈసారి ఏ చెయ్యి?" అని అడిగేంత పరిచయం.

కాపురం పాకాలలో. రోజూ రైల్లో తిరుపతికి పోయి రావడం.

ఒకరోజు షాపుకు ఒక నర్సమ్మ వచ్చింది. ఆమెదీ పాకాలే, ఉద్యోగం తిరుపతిలో ఒక ఆసుపత్రిలో. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, మెడలో గుర్తింపు కార్డు ఇంకా వేలాడుతోంది. ఫోన్‌లో ఒక కెమెరా బొమ్మ చూపించింది.

"అన్నా, ఇది బాగుంటాదా? మాటతో చెప్తే సూపిస్తాదంట. ఆఫర్లో ఉండాది."

"ఇంట్లో కాపలా కాసేదానికి ఏముండాది మ్మా? బంగారమా, వజ్రాలా?" అని నా మామూలు హాస్యం మొదలుపెట్టాను.

"మా నాయన," అంది.

నా హాస్యం నోట్లోనే చల్లారిపోయింది.

వాళ్ళ నాయన రైల్వేలో కీమ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. కీమ్యాన్ అంటే రోజూ భుజాన సుత్తి, స్పానర్ వేసుకుని తన వంతు పట్టాల వెంట నడుస్తూ, వదులైన బిగింపులు కొట్టి బిగించుకుంటూ పోయే మనిషి. భార్య పోయాక ఆయన మతి కూడా మెల్లగా వదులవుతూ వచ్చింది. పొద్దున్నే లేచి డ్యూటీకి అని బయలుదేరతాడు. ఇప్పటికే రెండుసార్లు స్టేషన్ దగ్గర పట్టుకొచ్చారు. బెంగళూరులో ఉండే ఆమె అన్న తేల్చి చెప్పేశాడు, ఇంకొక్కసారి ఇల్లు దాటితే ఆయన్ను గదిలో పెట్టి బయట తాళం వేయాల్సిందేనని.

"జీవితమంతా లైనెంబడి నడిచిన మనిషన్నా. గదిలో ఏసి తాళమెయ్యాలంటే నాకు చేతులు రావడంలా. కెమెరాలు పెట్టుకోని నేనే సూసుకుంటానని మా అన్నకి మాటిచ్చినా. అవి పని చెయ్యలేదంటే ఇంగ తాళమే."

అంటే నేను బిగించబోయేది కెమెరా కాదు, తాళం పడకుండా అడ్డం పెట్టే చెయ్యి. 

ఆమె చూపించిన కెమెరా మాట వింటుంది, అబద్ధం కాదు. స్మార్ట్ స్పీకర్ అంటారే, వంటింట్లో పెట్టుకునే ఆ మాట వినే డబ్బా, దాన్ని "గేటు చూపించు" అని అడిగితే, దాని తెర మీద గేటు కనబడుతుంది. డ్యూటీలో ఉన్నామె ఫోన్‌ను అడిగినా చూపిస్తుంది. కానీ అది చూసిందంతా ఏ పరదేశంలోనో ఉన్న కంప్యూటర్‌కు మోసుకుపోయి, మనకు కావలసినప్పుడు మళ్ళీ అక్కడి నుంచి తెచ్చిపెడుతుంది. నెట్ ఉన్నంతసేపే దాని సంసారం. నెట్ పోయిందా, మన గుమ్మంలో ఏం జరిగిందో దానికే తెలియదు. కాబట్టి కెమెరా మాటా వినాలి, నెట్ తెగినా ఇంటి వైర్ల మీదుగానే ఇంట్లో రికార్డర్‌లో అన్నీ దాచుకుంటూనూ ఉండాలి. ఈ రెండు గుణాలూ ఒకదాంట్లోనే ఉన్న కెమెరా కోసం నేను వెతికినంతగా మా అత్తగారు అల్లుడి కోసం వెతికి ఉంటే, ఆమెకు నేను దొరికేవాణ్ణే కాదు.

షాపులో నాకొక జోడీ ఉండేవాడు. వైరు లాగడంలో మొనగాడు, మాట కింద పడనివ్వకపోవడంలో ఇంకా మొనగాడు. సెట్టింగులు పెట్టేటప్పుడు వాడన్నాడు, "సౌండెందుకన్నా, డిస్కు బిన్నా నిండిపోతాది. ఆపేసి పారెయ్."

నేనూ సరేనన్నాను. ఒప్పుకోనిది నర్సమ్మే.

"ఉండనీయన్నా. మా నాయన ఒక్కడే కూసోని ఏందో మాట్లాడతా ఉంటాడు. ఏం మాట్లాడతాడో వినాలని నాకు."

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా జోడీ మారు మాట్లాడకుండా సౌండ్ ఆన్ చేశాడు. వాడు మారు మాట్లాడకపోవడం ఆ షాపు తెరిచినప్పటి నుంచి అదే మొదలు.

గేటుకు ఒకటి, వసారాలో ఒకటి, వంటిల్లూ హాలూ కలిసే చోట ఒకటి బిగించాం. మాట వినే డబ్బాను వంటింటి గట్టు మీద పెట్టాం. పెద్దాయన కుర్చీలో కూర్చుని నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఏం జేస్తా ఉండావు కరెంటోడా?"

"కెమెరా పెడతా ఉండా పెద్దాయనా."

"ఎవురికి కాపలా?"

నోట్లో స్క్రూలు ఉన్నట్టు నటించి జవాబు తప్పించుకున్నాను.

మర్నాటికి కెమెరాల మీద తువ్వాళ్ళు వేలాడుతున్నాయి. కూతురు తువ్వాళ్ళు తీస్తే లుంగీలు వచ్చాయి. లుంగీలు తీస్తే దుప్పట్లు. ఆ ఇంట్లో ఇన్ని గుడ్డలున్నాయని ఆ ఇంటి బీరువాకే తెలిసి ఉండదు. చివరికి నేనే వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

"పెద్దాయనా, ఇది కాపలా కాదు. నీకు సుత్తి, స్పానర్ ఎట్లనో నాకిది అట్ల. పనిముట్టు. పనిముట్టు మింద గుడ్డలేస్తారా ఎవురన్నా?"

ఆయన లేచి దుప్పటి తీసి, దాని కొసతోనే కెమెరా అద్దాన్ని శుభ్రంగా తుడిచాడు.

"ఆ మాట ముందే చెప్పకూడదా," అన్నాడు.

షాపులో నా తెలివికి నేనే సన్మానం చేసుకున్నాను. కస్టమర్ మనసు ఎలా గెలవాలో రెండు టీల సేపు ఉపన్యాసం ఇచ్చాను. మా జోడీ, "దండేసి ఫొటో కట్టిస్తాంలే అన్నా, గమ్మునుండు," అన్నాడు.

ఆ తరువాత కొన్ని వారాలు అంతా సజావుగా సాగింది. నర్సమ్మ వార్డులో ఖాళీ దొరికినప్పుడల్లా ఫోన్‌ను అడిగి నాయనను చూసుకునేది. ఆయన గేటు వైపు నడిస్తే కెమెరాలోని స్పీకర్ నుంచే "నాయనా, యాడికి? లోపలికి రా" అనేది. ఆయన దేవుడు పిలిచినట్టు వెనక్కి తిరిగేవాడు.

ఆయుధ పూజ వచ్చింది.

మా వైపు ఆ రోజు కడిగి బొట్టు పెట్టనిది ఏదీ మిగలదు. కుట్టుమిషను, రోలు, ఆటో, బస్సు, తూకం రాళ్ళు, ఏది చేతికి అన్నం పెడుతుందో దానికల్లా విభూతి, గంధం, కుంకుమ. కదలకుండా కూర్చుంటే మనిషికీ పెట్టేస్తారు. షాపుకు సెలవు. నేను స్కూటర్ కడిగి, హెడ్‌లైటు నడిమధ్యన రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టి, వసారాలో కూర్చుని బొరుగులు తింటున్నాను. ఫోన్ మోగింది.

"అన్నా, నేను డ్యూటీలో ఉండా. కెమెరాలు పాడైపోయినాయి. గేటు సూపించమంటే అంతా ఎర్రగా, అంచుల్లో పసుపుగా ఉండాది. వసారా సూపించమన్నా అట్నే."

"ఎండ కొడతా ఉంటాదిలే మ్మా."

"వంటింట్లో కూడానా ఎండ?"

నేను బొరుగుల గిన్నె కింద పెట్టాను. ఎరుపు. అంచుల్లో పసుపు. నా వేలి కొసకు ఇంకా కుంకుమ అంటి ఉంది. ఎదురుగా నా స్కూటర్ ఒంటికన్ను మీద బొట్టు పెట్టుకుని నన్నే చూస్తోంది.

పనిముట్టు!

"మీ నాయన పూజ చేసినాడు మ్మా," అని నవ్వాను. "కెమెరాలకి కూడా. బొట్టు సరిగ్గా కంట్లో పెట్టినాడు."

ఆమె నవ్వలేదు.

"అట్లయితే నాయన యాడుండాడన్నా?"

నా నవ్వు సగంలో ఆగింది. ఆమె కెమెరా స్పీకర్ నుంచి పిలవడం మొదలుపెట్టింది. "నాయనా. నాయనా. పలుకు నాయనా." ఆమె ఇటు నా చెవిలోనూ అటు ఆ ఖాళీ ఇంట్లోనూ ఒకేసారి పిలుస్తోంది. ఎవరూ పలకలేదు. ఇంతలో ఆమె గొంతు మారిపోయింది. "అన్నా, అన్నీ ఆగిపోయినాయి. నెట్ లేదంటా ఉండాది." ఆయన్ను కనిపెట్టుకుని ఉండే పక్కింటామె ఆ పొద్దున కాణిపాకం పోయింది. నర్సమ్మ ఉన్నపళాన బయలుదేరినా తిరుపతి నుంచి రావాలి.

"నేను పోతా ఉండా, ఫోన్ పెట్టొద్దు," అని స్కూటరెక్కాను.

పాకాల వీధులన్నీ ఆ రోజు గుమ్మడికాయ గుజ్జే. ప్రతి కొట్టు ముందూ ఒకటి పగలగొట్టి ఉంది. నా స్కూటర్ నడవలేదు, జారింది, ఈదింది, రెండుచోట్ల భరతనాట్యం చేసింది. వాళ్ళ వీధి మలుపులో ఒక లారీ అడ్డంగా ఆగి ఉంది. దాని ముందు రెండు వైపులా కట్టిన అరటి చెట్లు ఎంత పొడుగంటే, వాటి ఆకులకు తిరుమల కొండ గాలి తగులుతోంది. అవి పైన వేలాడే నెట్ కేబుల్‌ను తెంపి మెడలో దండలా వేసుకున్నాయి.

"ఇంత పొడుగు చెట్టు ఎవురైనా కడతారంట్రా?" అని కేబులాయన.

"ఇంత కిందికి వైరు ఎవురైనా లాగతారంట్రా?" అని డ్రైవరు.

నేను ఆ దండ కింది నుంచి వంగి దూరిపోయాను.

గేటు తెరిచి ఉంది. లోపల దేవుడి పటం ముందు కర్పూరం ఆరి నల్లగా ఉంది. పరిచిన తుండు మీద కటింగ్ ప్లయరు, పాత టార్చిలైటు, కత్తిపీట, అన్నింటికీ బొట్లు. వాటి పక్కన రెండు చోట్ల గంధం మరకలే ఉన్నాయి. అక్కడ ఉండాల్సిన సుత్తి లేదు, స్పానర్ లేదు.

ఇంకే ఊరైనా అయితే పట్టాల వెంట పడి పోవచ్చు. పాకాల జంక్షన్. ఒక లైను తిరుపతికి, ఒకటి చిత్తూరు మీదుగా కాట్పాడికి, ఇంకొకటి ధర్మవరానికి. ఆయన ఏ దారి పట్టాడో తెలియకుండా నేను ఒక వైపు పోతే, రైలు ఇంకో వైపు పోవచ్చు.

"ఉండాడా అన్నా?" ఫోన్‌లో నర్సమ్మ.

"సుత్తి లేదు మ్మా," అన్నాను.

టీవీని రికార్డర్‌కు కలిపాను. నెట్ తెగినా అది ఇంట్లో తన పని తాను చేసుకుపోతూనే ఉంది. గేటు కెమెరా, ఎరుపు. వసారా, ఎరుపు. వంటింటి కెమెరాను వెనక్కి తిప్పాను. మొదట పెద్దాయన మొహం, ఎంతో శ్రద్ధగా, దగ్గరగా. తరువాత గుమ్మడికాయంత వేలు. తరువాత ఎరుపు. ఎంత ముందుకు జరిపినా ఎరుపే. పాడు బుద్ధి, పనిముట్టు అని చెప్పిన నా నాలుకకు ఒక బొట్టు పెట్టి ఉండాల్సింది ముందు, అనుకుంటూ రిమోట్ విసిరేయబోయాను.

అప్పుడు ఆ ఎరుపులోంచి దగ్గు వినబడింది.

సౌండ్! టీవీ గొంతు పూర్తిగా పెంచాను. పాత్ర కదిలిన చప్పుడు. చెప్పులీడ్చిన చప్పుడు. వంటింట్లోకి వచ్చి నిలబడ్డాడు. తరువాత ఆయన గొంతు, ఎప్పుడూ వినని మెత్తదనంతో.

"మేయ్, పూజయిపోయింది. లైనుకి పోయొస్తా. అన్నం తోపు గేటు కాడికి పంపీ. బిడ్డ చేత పంపీ, ఎండెక్కక ముందే."

వెంటనే మాట వినే డబ్బా, "మంచిది. జాగ్రత్తగా వెళ్ళి రండి," అంది.

తరువాత గడియ తీసిన చప్పుడు.

ఫోన్‌ను టీవీకి ఆనించి మళ్ళీ వినిపించాను.

"తోపు గేటు ఇప్పుడు లేదన్నా," అంది నర్సమ్మ. "ఎప్పుడో మూసేసి కింద దారి చేసినారు. కాట్పాడి లైను, మామిడి తోపు పక్కన. ఆడికే నేను క్యారియర్ తీసకపోతా ఉంటి." "ఆ బిడ్డని నేనేనన్నా. నువ్వు పో. నేను స్టేషన్లో నాయన దోస్తులకి ఫోన్ చేస్తా."

ఎలా వెళ్ళానో గుర్తులేదు. లైను కింద దారిలో స్కూటర్ పడేసి, కంకర గట్టు ఎక్కాను. మోకాళ్ళు ఆ రోజే రాజీనామా రాసుకుని ఉంటాయి. పైకి చేరేసరికి ఎండ, మామిడి ఆకుల మెరుపు, మధ్యలో రెండు ఇనుప గీతలు. దూరంగా ఆ గీతల నడుమ ఒక తెల్ల చొక్కా. భుజాన సుత్తి. తీరిగ్గా, వంగి ఒక్కో బిగింపునూ చూసుకుంటూ పోతున్నాడు.

"పెద్దాయనా!"

గాలి నా కేకను నా మొహానికే తిప్పికొట్టింది. పట్టాల మధ్య సిమెంటు దిమ్మల మీద పరుగెత్తాను. నా పరుగు చూసి మామిడి తోపులో కాకులు ఎగిరిపోయాయి. కొంచెం దగ్గరవుతున్నాననగా ఆయన ఆగాడు. సుత్తి పట్టా మీద ఆనించాడు. తల వంచి ఏదో విన్నాడు. నింపాదిగా పట్టా దాటి పక్కకు దిగి నిలబడ్డాడు.

అమ్మయ్య అనుకున్నాను. అనుకుంటూ పరుగెత్తుతూనే ఉన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు. మొహం మారిపోయింది. సుత్తి పడేసి నా మీదికి ఉరికాడు. ఏమిటీ మనిషి అనుకునేలోగా నా చొక్కా కాలర్ పట్టుకుని, గోనె సంచిని లాగినట్టు పక్కకు లాగి కంకరలో పడేశాడు. నా వెనుక హారన్. భూమి అదిరింది. రైలు మా పక్కనుంచి పోతోంది. ఈ కరెంటు ఇంజన్లు ఎంత దొంగలంటే, వీపు మీదికి వచ్చేదాకా చప్పుడే ఉండదు.

నేను కంకర కరిచి పడుకున్నాను. పెద్దాయన నిటారుగా నిలబడి, జేబులోంచి పూజలో పెట్టిన ఆకుపచ్చ రవికె గుడ్డ తీసి, పచ్చజెండాలా చెయ్యి చాచి పట్టుకున్నాడు, ఆఖరి పెట్టె దాటేదాకా. బండి మెల్లగానే పోయింది. స్టేషన్ నుంచి డ్రైవర్‌కు ముందే మాట అందిందని తరువాత తెలిసింది.

"యాడోడివప్పా నువ్వు? బండొస్తాంటే లైన్లో పరిగెత్తతారా ఎవురన్నా?" అని నన్ను లేపి దుమ్ము దులిపాడు. నా చేతుల వైపు చూశాడు. "అన్నం తెచ్చినావా?"

"ఇంట్లో పెట్టినా పెద్దాయనా. పోదాం రా."

నర్సమ్మ వచ్చేసరికి ఆయన అన్నం తిని కుర్చీలో కునుకుతున్నాడు. ఆమె నాయన పాదాలు తడిమి చూసింది, కంకర గీతలకు మందు రాసింది. ఇంతలో బెంగళూరు నుంచి అన్న ఫోన్. గదంతా వినబడేంత గొంతు.

"చెప్తే విన్నావా? కెమెరాలంట, మాట వినే డబ్బాలంట! రేప్పొద్దున తాళం తెచ్చి ఏస్తావా, నన్ను రమ్మంటావా?"

నేను లేచి చెప్పులు వెతుక్కోసాగాను. నా పనితనం మీద తీర్పు వినే ఓపిక లేదు. ఆమె ఫోన్‌ను టీవీ దగ్గర పెట్టి, ఆ ఎర్రటి బొమ్మను వెనక్కి తిప్పి, వాళ్ళ నాయన గొంతు వినిపించింది. మేయ్, పూజయిపోయింది. బిడ్డ చేత పంపీ. గడియ చప్పుడు దాకా ఉంచి ఆపింది.

"చెప్పకుండా పోలేదన్నా నాయన," అంది. "చెప్పే పోయినాడు. వినేదానికి ఇంట్లో ఎవురూ లేకపోయినారు. దానికి ఆయనకి తాళమెందుకు?"

అవతల ఆ పెద్ద గొంతు చిన్నదై, "అమ్మతో మాట్లాడినట్టే ఉండాది కదమ్మే," అంది. తాళం మాట మళ్ళీ రాలేదు.

మర్నాడే తలుపుకు ఒక చిన్న బిళ్ళ బిగించాను. తలుపు తెరిస్తే చాలు, నెట్ ఉన్నా లేకపోయినా పక్కింట్లో గంట మోగుతుంది. నర్సమ్మ డ్యూటీ మార్పించుకుంది. సాయంత్రాలు ఆమే క్యారియర్ పట్టుకుని నాయనతో తోపు దాకా నడుస్తుంది. ఇద్దరూ కింద దారి పక్కన కూర్చుని తిని వస్తారు. ఇప్పుడు ఏటా ఆయుధ పూజ పొద్దున నేనే ముందుగా పోయి, ఆయన వేలు పట్టుకుని కెమెరా నెత్తిన బొట్టు పెట్టిస్తాను. తమ్ముళ్ళూ, మీరు ఏ ఇంటికి ఏ కెమెరా ఎంచినా, ఆ ఇంట్లో మనిషి దాన్ని ఏమనుకుంటాడో ముందు కనుక్కోండి. మిగతాది వైర్లే.

ఇక నేను కలిపిన ముక్క. అరటి చెట్లు కేబుల్ తెంపడం నిజం. ఆయన నన్ను కంకరలో పడేయడం నిజం, మచ్చ ఉంది, అడిగితే చూపిస్తాను. మాట వినే డబ్బా "జాగ్రత్తగా వెళ్ళి రండి" అనడం మాత్రం అబద్ధం. ఆ రికార్డింగులో ఆయన మాటకూ గడియ చప్పుడుకూ నడుమ ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆయన బదులు కోసం నిలబడ్డాడు. ఎవరో ఒకరు ఏదో ఒకటి అని ఉంటే బాగుండుననిపించి నేనే అనిపించాను. పేరు పెట్టి పిలవందే ఆ డబ్బా పలకదు. ఆయనేమో ఇంటామెను ఏనాడూ పేరు పెట్టి పిలిచిన మనిషి కాడు.